పద్నాలుగో వరుసలో కెప్టెన్

ఎండ మళ్ళీ ఒళ్ళోకి వచ్చింది. ఇందాక కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ మోకాళ్ళ మీద ఉన్న ఎండ, నెమ్మదిగా జరిగి తన ఒళ్ళోకి వచ్చి, తర్వాత ఎటో పోయి, కాసేపటికి నడవకి అవతల పేపరు చదువుతున్న బట్టతలాయన నెత్తి మీద తేలి, అక్కడా నిలవక ఇదిగో, పిలవని చుట్టంలా మళ్ళీ వచ్చి కూర్చుంది. అంటే ఇంకో చుట్టు పూర్తయిందన్నమాట. మిగతావాళ్ళకి ఎండంటే ఎండే, కంట్లో పడితే కిటికీ రెక్క కిందకి లాగుతారు, అంతటితో సరి. పెద్దక్కకి అలా కాదు. ఇరవై ఏళ్ళకి పైగా విమానం ముందు గదిలో కూర్చుని నడిపిన మనిషి ఇవాళ పద్నాలుగో వరుసలో ప్రయాణికురాలిలా కూర్చుంది. మీటర్ల ముళ్ళూ అంకెలూ ఏవీ కనపడవు, కనపడేదల్లా ముందు సీటు వీపూ, దాని జేబులో నలిగిన పత్రికా. కనపడకపోతేనేం? విమానం దిగడం మానేసి గాలిలో ఒకేచోట చుట్లు కొడుతోందని ఎండే చెబుతోంది. చెప్పకపోయినా బాగుండును. నీకెందుకమ్మా, ఇవాళ నువ్వు సీటు మనిషివి, కళ్ళు మూసుకుని పడుకో, అని తనకి తానే చెప్పుకుంది. మూసిన రెప్పల మీద కూడా ఎండ ఎర్రగా జరుగుతూనే ఉంది.

సాయంత్రం, ఇది దిగబోయే ఊళ్ళో, తను ఇంకో విమానం నడపాలి. అందుకోసం కంపెనీ తన మనుషుల్ని ఇలా ఖాళీ సీట్లలో పడేసి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేరవేస్తుంటుంది, సామాను చేరవేసినట్టు. భుజాల మీది నాలుగు కెప్టెన్ పట్టీలూ కనపడకుండా యూనిఫాం మీద నల్ల స్వెటరు వేసుకుంది. కనపడితే జనం ఏదో ఒకటి అడుగుతారు, ఏదో ఒకటి చెప్పాలి. పైన ఇంత ఎండ కాస్తోంది గానీ కింద ఊరి మీద గాలివాన, మసిగుడ్డ పరిచినట్టు నల్లగా మబ్బు. విమానం నడుపుతున్న సన్నోడు మైకులో ఇప్పటికి రెండోసారి చెప్పాడు: "వాతావరణం కొంచెం అనుకూలించగానే దిగుతాం, ఓ పది నిమిషాలు పట్టొచ్చు." మొదటిసారీ పది నిమిషాలే అన్నాడు. వాడి తప్పు కాదు, కింద టవర్‌లో ఉన్నవాళ్ళు ఎప్పుడూ పది నిమిషాలే అంటారు. అరగంట అంటే పైనున్నవాడు ఓ దండం పెట్టి పక్క ఊరికి పోతాడు, పది నిమిషాలంటే ఆశ చావదు. ఆశ చావకపోవడమే చాలామందిని చంపింది అనేవాడు తనకి విమానం నేర్పిన మాస్టారు. ఆయన ఇంధనం అనే మాటే వాడేవాడు కాదు. ట్యాంకుల ముల్లు చూపించి "టైమెంతుంది?" అని అడిగేవాడు. "దాన్ని నూనె అనుకోకు పిల్లా, అది టైము. తోచనప్పుడు ఆలోచించుకోడానికి టైము. కింద ఉన్నప్పుడే కొనుక్కో, పైకెళ్ళాక ఏ కొట్టూ తెరిచుండదు." ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఉంటే ఇవాళ తన మొహం చూసి ఏమనేవాడో. ఏమీ అనేవాడు కాదు, అదే భయం.

'కొంచెం' అన్నచోట సన్నోడి గొంతు సాగింది. ఎవరికీ వినపడదు గానీ తనకి వినపడింది. కంపెనీలోకి వచ్చిన కొత్తలో ఈ రకం విమానం వాడు తన పక్కన కూర్చునే నేర్చుకున్నాడు. చెమటలు పట్టినప్పుడల్లా ఏదో ఒక మాట పట్టుకుని సాగదీసేవాడు. అప్పుడు అగ్గిపుల్లలా ఉండేవాడని సన్నోడన్నారు, పెళ్ళయ్యాక ఒళ్ళొచ్చినా పేరు మాత్రం సన్నగానే ఉండిపోయింది. అంతకుముందు వాడు చేసిన కంపెనీకి ఓ పొద్దున్న తాళం పడిపోయింది. ఆర్నెల్లు సెల్‌ఫోన్ల కొట్లో కూర్చుని స్క్రీన్ల మీద ప్లాస్టిక్ కాగితాలు అంటించాడు, విమానాలు దింపిన ఆ చేతులతో. "బుడగ రాకుండా అంటించడం దీనికన్నా కష్టం అక్కా" అని నవ్వేవాడు. ఆ నవ్వు వెనక ఏముందో తనకి తెలుసు. ఒకసారి ఒళ్ళు కాలినవాడు. అలాంటివాణ్ణి నిప్పు చూపించి భయపెట్టక్కర్లేదు, అగ్గిపెట్టె పేరెత్తితే చాలు.

పొద్దున్న విమానం ఎక్కగానే ముందుకెళ్ళి వాణ్ణి పలకరించింది. అది మర్యాద. ప్రయాణికుడిగా ఎక్కిన పైలెట్ ముందు గదికి వెళ్ళి కెప్టెన్‌తో ఓ మాట అని వచ్చి కూర్చోవాలి. ఇంకో మర్యాద కూడా ఉంది, ఎక్కడా రాసిలేదు గానీ అందరూ పాటించేది: తన విమానం కానప్పుడు ఎంత పెద్దవాడైనా నోరు మెదపకూడదు. వాతావరణం గురించి సలహా చెప్పకూడదు, ఇంధనం ఊసైతే అసలే ఎత్తకూడదు. ఇంకొకరి వంటింట్లోకి పోయి కూరలో ఉప్పు చూసినట్టుంటుంది. ఆ సమయానికి సన్నోడూ, పక్కన కూర్చునే కో-పైలెట్ అమ్మాయీ ఇంధనం అంకెల మీదకి వంగి ఉన్నారు. మధ్యాహ్నానికి ఆ ఊళ్ళో గాలివాన పడొచ్చని రిపోర్టు. "ఇంకొంచెం వేయిద్దామా సార్?" అంటోంది ఆ పిల్ల. సన్నోడు తలెత్తాడు, తనని చూశాడు. "అక్కా! రా రా. వాన అంటున్నారు చూశావా. కంప్యూటర్ ఇచ్చిందే సరిపోతుందంటావా?" తను నవ్వేసి, "నాదేముందిరా, విమానం నీది" అని వాడి భుజం తట్టి వచ్చేసింది. ఎంత మర్యాదగా వచ్చేసిందీ! నడవలో నడుస్తూ తన పెద్దరికానికి తనే మురిసిపోయింది కూడా. చూడు, ఇన్నేళ్ళొచ్చినా ఎవరి పనిలోనూ వేలు పెట్టని మనిషివి నువ్వు, అని.

కొన్నాళ్ళ కిందట ముందు చమురు ధర పెరిగింది. తర్వాత ఇంకా పెరిగింది. కంపెనీలో మొదట కాఫీ కప్పులు చిన్నవయ్యాయి, ఆ తర్వాత పైలెట్లకిచ్చే హోటల్ గదులు ఊరి చివరికి జరిగాయి, అప్పుడే అనుకుంది తను, ఇక వంతు మనుషులదే అని. కంపెనీలో ఆఖర్న చేరినవాళ్ళందర్నీ, మొత్తం పైలెట్లలో అయిదో వంతు మందిని, "కొన్నాళ్ళు ఇంటి దగ్గరుండండి, రోజులు బాగుపడ్డాక పిలుస్తాం" అంటారని కబురొచ్చింది. జీతం లేని సెలవు, ఎన్నాళ్ళో తెలియని సెలవు, పొమ్మనలేక పొగబెట్టడం. పైలెట్ల సంఘం తరఫున మాట్లాడి రమ్మని తనని పంపారు, నోరున్న మనిషని. చలి పుట్టించే ఆ ఏసీ గది, బల్ల మీద ఎవరూ ముట్టని బిస్కెట్లు, ఎదురుగా కంపెనీ లెక్కల పెద్దమనిషి. నెమ్మదస్తుడు, ఒక్కసారీ గొంతు పెంచలేదు. అరిచేవాడైతే తనూ అరిచేది, ఎటో ఒకవైపు తేలేది. "రెండు దారులున్నాయి మేడమ్. అందరూ జీతంలో మూడో వంతు వదులుకోండి, ఎవర్నీ ఇంటికి పంపం. లేదూ, పావు వంతే వదులుకోండి, దానికి తోడు చిన్న క్రమశిక్షణ." చిన్నదట! మోసుకెళ్ళే బరువు కూడా చమురు తాగుతుంది కాబట్టి, కంప్యూటర్ లెక్కగట్టిన దానికన్నా ఎక్కువ ఇంధనం వేయించుకున్న కెప్టెన్ కంపెనీకి ఫోన్ చేసి సంజాయిషీ చెప్పుకోవాలి. దిగాల్సిన ఊరు వదిలి పక్క ఊరికి మళ్ళించినా అంతే. ఎవరెంత ఎక్కువ కాల్చారో నెలాఖరుకి గోడ మీద పెడతారు. మళ్ళీ ఎప్పుడైనా మనుషుల్ని తగ్గించాల్సి వస్తే కొత్తగా చేరినవాళ్ళతో కాదు, ఆ గోడ మీద పైన ఉన్న పేర్లతో మొదలుపెడతారు.

మూడో వంతు కోత అంటే సంఘం మీటింగులో ఒక్క చెయ్యి లేవలేదు. అందరికీ ఇళ్ళ అప్పులు, పిల్లల చదువులు. తనకీ ఉన్నాయి, కొత్త ఇంటి పై అంతస్తు ఇంకా సున్నం వాసన పోలేదు. పావు వంతు అనగానే చేతులన్నీ లేచాయి, తన చెయ్యి అందరికన్నా ముందు. ఉద్యోగాలు మిగిలాయి, జీతాలు చాలావరకు మిగిలాయి, పోయిందల్లా ఎవరికీ కనపడని ఇంత టైము. జుట్టు కాపాడుకోవడానికి తల తాకట్టు పెట్టి వచ్చి, అందరి చేతా చప్పట్లు కొట్టించుకుంది. వేదికెక్కి మైకు పట్టుకుని చెప్పింది కూడా: "అది కాగితం మీది మాటే. నిజంగా అవసరమైతే ఏ కెప్టెనైనా ఫోన్ చేసి వేయించుకుంటాడు, నోరు లేదా మనకి?" అని. నోరు లేదా మనకి. తనకుంది. ఆ మాటతో ఆగినా బాగుండేది, చప్పట్ల ఊపులో ఇంకోటి కలిపింది: "కాకపోతే ఒక్కటి. ఒక్కరు హద్దు దాటినా వాళ్ళకి సాకు దొరుకుతుంది. నేను మాటిచ్చి వచ్చాను, నా పరువు మీ చేతుల్లో ఉంది." నాలుగో వరుసలో సన్నోడు కూర్చుని ఉన్నాడు, తల ఊపుతూ. ఆ ఆదివారమే పెళ్ళాన్నీ, మూడు నెలల పిల్లనీ తీసుకుని పెద్దక్క ఇంటికొచ్చాడు. సోఫా అంచున కూర్చున్నాడు, వెనక్కి ఆనితే మాసిపోతుందేమోనన్నట్టు. ఆ అమ్మాయి పిల్లని తీసి తన ఒళ్ళో పెట్టింది. "ఆయన పేరు ఆఖర్లో ఉందంట కదా అక్కా. మీరు లేకపోతే ఈపాటికి మళ్ళీ ఆ ఫోన్ల కొట్టే." పిల్ల తన వేలు పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది. తను నవ్వింది. దేవుడా, ఎంత హాయిగా నవ్విందో.

"ఏమ్మా, ఈ అబ్బాయి మనల్ని తిరగలి తిప్పినట్టు తిప్పుతున్నాడేంటి?" అంది పెద్దావిడ కిటికీ వైపు నుంచి. అంతసేపూ ముక్కు అద్దానికి ఆనించి చూస్తోంది ఆవిడ. "అదిగో ఆ మబ్బు, ఒంటె మూతిలా ఉంది చూడు. ఇందాకా అదే వచ్చింది, అంతకుముందూ అదే వచ్చింది. నేనేం పిచ్చిదాన్ననుకున్నారా వీళ్ళు?" పెద్దక్క తనకి తెలియకుండానే నవ్వింది. చెప్పింది, కింద గాలివానగా ఉందనీ, వరసలో ఆగామనీ, దారివ్వగానే దిగుతామనీ. "మా చెల్లెలు వచ్చి నిలబడుంటుంది. దానికి మోకాళ్ళ నొప్పులు, కూర్చోవే అంటే కూర్చోదు, నేను కనపడేదాకా నిలబడే ఉంటుంది, మొండిఘటం." ఆవిడ మళ్ళీ అద్దానికి ముక్కు ఆనించింది. ఎండ ఆవిడ చెవి పోగు మీదకి వచ్చి, మెరిసి, జరిగింది. ఇంకో చుట్టు. పెద్దక్క లెక్క పెట్టదలచుకోలేదు, కానీ పెట్టకుండా ఉండే విద్య తనకెవరూ నేర్పలేదు. కంప్యూటర్ ఇచ్చిన దాంట్లో ఇక్కడిదాకా రావడానికి కొంత, కాసేపు తిరగడానికి కొంత, పక్క ఊరికి పోవడానికి కొంత, ఏమొచ్చినా ముట్టకూడనిది ఆఖర్న కొంత. తిరగడానికిచ్చినది అయిపోయి ఉండాలి. ఇప్పుడు తిరుగుతున్నది పక్క ఊరికి పోవాల్సిన దాంతో. వెళ్ళిపో సన్నోడా, వెళ్ళిపో, ఇంకా ఏం చూస్తున్నావు? పోతే గోడ మీద పేరు ఎక్కుతుందనా? ఎక్కితే ఎక్కనీ, నేను లేనూ, పోయి మాట్లాడతాను కదా, నోరున్నదాన్ని.

అప్పుడు తోచింది. పొద్దున్న వాడు తనని ఇంధనం సరిపోతుందా అని అడగలేదు. సరిపోతుందో లేదో వాడికి తెలీదా, తనే కదా నేర్పింది. వాడు అడిగింది అనుమతి. అమ్మాయి వేయిద్దామా అంటోంది, ఫోన్ పక్కనే ఉంది, వాడి చెయ్యి సగం దాకా వెళ్ళింది కూడా, ఇప్పుడు గుర్తొస్తోంది ఆ చెయ్యి. అంతలో గుమ్మంలో తను. ఒప్పందం మీద సంతకం పెట్టిన మనిషి, నా పరువు మీ చేతుల్లో ఉంది అన్న మనిషి, వాడి పిల్లకి అన్నం నిలబెట్టిన మనిషి, వచ్చి నవ్వుతూ నిలబడింది. వద్దూ అనలేదు, సరే అనలేదు. ఎదుటివాళ్ళు మాట్లాడకపోతే భయమున్నవాడు ఆ మౌనంలోంచి తన భయాన్నే వింటాడు. తను మర్యాద చేస్తున్నాననుకుంది, వాడు హెచ్చరిక అనుకున్నాడు. ఇవాళ తను ఈ విమానం ఎక్కకపోయి ఉంటే వాడు ఫోన్ చేసి ఇంత వేయించుకుని నిశ్చింతగా వచ్చేవాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని నలుగురూ నవ్వుకునే సామెత, ఎంత చేదుగా ఉంటుందో నోట్లో ఇప్పుడే తెలిసింది.

పిలుపు బటన్ నొక్కింది. ఎయిర్‌హోస్టెస్ వచ్చింది, తెలిసిన పిల్లే, చెవి దగ్గరకి వంగింది. ఏం చెప్పాలి? పక్క ఊరికి పొమ్మను అని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇంకొకరి విమానం. ఇంకొకరి వంటిల్లు. పైగా ఈ పిల్ల ముందు, కో-పైలెట్ అమ్మాయి ముందు, కెప్టెన్‌ని చిన్నబుచ్చినట్టవుతుంది. ఇరవై ఏళ్ళ అలవాటు ఒక్క క్షణంలో పోతుందా, పోలేదు. "ఇంధనం సంగతి అక్క అడుగుతోందని కెప్టెన్‌తో చెప్పమ్మా. అంతే" అంది. ఆ పిల్ల ముందుకెళ్ళింది. ఎండ ఒళ్ళోంచి లేచి బట్టతలాయన మీదకి పోయింది, ఆయన విసుక్కుని పేపరు మడత మార్చాడు, మళ్ళీ వచ్చింది. ఎంతసేపే తల్లీ, అంత చిన్న మాటకి! ఆ పిల్ల నవ్వు మొహంతో తిరిగొచ్చింది. "కంగారు పడొద్దని చెప్పమన్నారు మేడమ్. 'అక్క ఇచ్చిన మాట దాటలేదు, ఒక్క చుక్క కూడా ఎక్కువ వేయించలేదు' అన్నారు."

పెద్దక్క బెల్టు విప్పింది. "మేడమ్, బెల్టు లైటు వెలుగుతోంది" అంటోంది ఆ పిల్ల వెనక నుంచి. సీట్ల వీపులు పట్టుకుంటూ ముందుకి నడిచింది. పదమూడు, పన్నెండు, నిద్రపోతున్న తల్లీకూతుళ్ళు, ఫోన్‌లో ఏదో చూసుకుంటూ నవ్వుకుంటున్న కుర్రాడు, అందరూ పది నిమిషాల్లో దిగబోతున్నవాళ్ళు. పైలెట్ల గది తలుపు దగ్గర గోడకున్న ఫోన్ తీసింది. అవతల ఎత్తగానే పేరు కూడా పెట్టి పిలవలేదు. "పక్క ఊరికి పోరా. ఇప్పుడే. ఒప్పందం గిప్పందం నేను చూసుకుంటా, నువ్వు పో."

వాడి పక్కన కో-పైలెట్ అమ్మాయి ఎవరికో అంకెలు చెబుతున్న గొంతు వినపడింది.

"అక్కా," అన్నాడు సన్నోడు, "పక్క ఊరికి సరిపోదు ఇప్పుడు."

"ఎప్పట్నించి?"

"ఈ చుట్టులోనే దాటిపోయింది. ఇదిగో దారిస్తాం, ఇదిగో దారిస్తాం అన్నారు." గొంతు సాగడం లేదు ఇప్పుడు, పొడిగా ఉంది. "నువ్వు కబురు పంపావు చూడు, అప్పుడు ఇంకా సరిపోయేదే. నువ్వు ఒప్పందం గురించి అడుగుతున్నావనుకున్నా."

గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. ఏడుపు రాలేదు, వస్తే బాగుండేది. మళ్ళీ వాడే అన్నాడు: "ఎమర్జెన్సీ అని చెప్పేశాను. ముందు మాకే దారిచ్చారు. వాన అలాగే ఉంది. ఒక్కసారే అక్కా, రెండోసారి పైకి లేచి చూసుకునేంత ఇంధనం లేదు. ముందుకి వస్తావా? మా వెనక సీటు ఖాళీగా ఉంది. నువ్వుంటే నాకు ధైర్యం."

కాళ్ళు వెళ్దామన్నాయి. చేతులు వెళ్దామన్నాయి, ఇన్నేళ్ళ అనుభవం అంతా లేచి నిలబడి వెళ్దామంది. తను వెళ్ళి వాడి వెనక కూర్చుంటే ఏమవుతుందో కూడా కనపడింది, అద్దం మీద నీళ్ళు, ఎక్కడో ఒక లైటు, అప్పుడు వాడు రన్‌వే వెతకాల్సిన కళ్ళతో ఒక్కసారి తన మొహంలోకి చూస్తాడు, సరేనా అక్కా, అని.

"రాను" అంది. "నేనక్కడుంటే నువ్వు నన్ను చూస్తావు. ముందుకి చూడరా నాన్నా. నన్ను మర్చిపో. నాకు నువ్వేం బాకీ లేవు, విన్నావా, ఏం బాకీ లేవు."

విన్నాడో లేదో, ఫోన్ పెట్టేశాడు.

తిరిగి వచ్చి కూర్చుని బెల్టు పెట్టుకుంది, నడుం నొప్పెట్టేంత బిగించింది. ఇంజిన్ల మోత తగ్గింది, ముక్కు కిందకి వంగింది. మైకులో కో-పైలెట్ అమ్మాయి గొంతు, దిగుతున్నామని, అందరూ కూర్చుని బెల్టులు గట్టిగా బిగించుకోమని, ఎంత మామూలుగా చెప్పాలో అంత మామూలుగా చెప్పింది. శభాష్ పిల్లా. చుట్టూ జనం హమ్మయ్య అనుకుంటూ సర్దుకుంటున్నారు. తన చెయ్యి తన మాట వినకుండా పోయి పెద్దావిడ చెయ్యి పట్టుకుంది.

"అయ్యో, ఇంత చల్లగా ఉందేంటమ్మా?" అంది ఆవిడ.

"భయమేస్తోందండీ."

"మొదటిసారా ఎక్కడం?"

పెద్దక్క ఆవిడ మొహంలోకి చూసింది. ఇలా ఎక్కడం, ఇలా దిగడం, ఒక్క మీటా చేతికి అందని చోట కూర్చుని.

"అవునండీ, మొదటిసారే."

"నాకూ మొదటిసారే." పెద్దావిడ రెండో చెయ్యి కూడా తెచ్చి పైన వేసి గట్టిగా నొక్కింది. "ఏం కాదులే. మనకేం తెలుసు చెప్పు, నడిపేవాళ్ళు అన్నీ చూసుకునే బయల్దేరుంటారు."

విమానం మబ్బులోకి దిగింది.